శూన్యనాళిక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్

శూన్యనాళిక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అనగా రేడియో, సి.డి. ప్లేయర్, కంప్యూటర్ మొదలైన సాధనాల నుండి వచ్చే బలహీనమైన ధ్వని సంకేతాన్ని శూన్యనాళికల సహాయంతో వర్ధిల్లజేసి హెడ్‌ఫోన్‌కు అందించే ఎలక్ట్రానిక్ పరికరము. శూన్యనాళికను మన దేశంలో వాడుకగా వాల్వు అని, అమెరికాలో ట్యూబు అని అంటారు. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత వాల్వులు గృహోపకరణాల నుండి దాదాపుగా కనుమరుగైనప్పటికీ, సంగీత ప్రియులు వాడే ఆంప్లిఫయర్లలో నేటికీ నిలిచి ఉన్నాయి.

అన్ని హెడ్‌ఫోన్లూ ఒకే విధమైనవి కావు. ఒక వాల్వు ఆంప్లిఫయర్ ఒక హెడ్‌ఫోన్‌తో మధురంగా పలికి, మరొక హెడ్‌ఫోన్‌తో మందంగా, రొదతో పలకవచ్చు. దీనికి కారణం ఆ రెండింటి విద్యుత్ గుణాలు ఒకదానికొకటి కుదరకపోవడమే. ఈ కుదుర్పును లెక్కవేయడం, అవసరమైతే ఆంప్లిఫయర్‌లో మార్పులు చేయడం ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు. పొరపాటు జరిగితే పాడయ్యేది సంగీతం ఒక్కటే కాదు. హెడ్‌ఫోన్ కాలిపోవచ్చు, వినికిడి దెబ్బతినవచ్చు, లోపలి అధిక వోల్టేజి వలన ప్రాణాపాయం కూడా కలగవచ్చు.

== చరిత్ర ==

1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ధ్రువాలు గల శూన్యనాళికను (డయోడ్) కనుగొన్నాడు. 1906లో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ధ్రువాన్ని చేర్చి ఆడియాన్ అని పేరు పెట్టాడు. సంకేతాన్ని పెంచగల ట్రయోడ్‌కు ఇదే మూలరూపం. తొలినాటి రేడియో శ్రోతలు స్పీకర్ల కంటే ముందు హెడ్‌ఫోన్లతోనే విన్నారు. ఆ హెడ్‌ఫోన్ల తీగచుట్టలకు వేల ఓమ్‌ల అవరోధం ఉండేది కనుక వాటిని నేరుగా వాల్వు ప్లేటు వలయంలోనే కలిపేవారు.

1937లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ డిటి 48 అనే డైనమిక్ హెడ్‌ఫోన్‌ను తయారుచేసింది. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్‌ను ప్రవేశపెట్టాడు. 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 414 వెనుకభాగం తెరిచి ఉండే హెడ్‌ఫోన్లకు ప్రాచుర్యం తెచ్చింది. దాని అవరోధం 2000 ఓమ్‌లు. ఆ కాలపు ఇంటి ఆంప్లిఫయర్లలో హెడ్‌ఫోన్ రంధ్రాన్ని స్పీకర్ వలయం నుండి వందల ఓమ్‌ల నిరోధం ద్వారా కలిపేవారు. అందువలన ఎక్కువ అవరోధం గల హెడ్‌ఫోన్లే వాటికి అనుకూలించాయి.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక పరిస్థితి మారింది. ఒకటి రెండు బ్యాటరీలతో నడిచే సాధనం ఎక్కువ వోల్టేజిని ఇవ్వలేదు. కనుక తక్కువ వోల్టేజితోనే తగినంత శక్తిని తీసుకోగల 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు వ్యాపించాయి. నేడు మార్కెట్టులో రెండు రకాలూ పక్కపక్కనే లభిస్తున్నాయి. జతపరచడంలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

== శూన్యనాళిక పనిచేసే విధానం ==

గాలి తీసివేసిన గాజు గొట్టంలో కేథోడ్, గ్రిడ్, ప్లేటు అనే మూడు భాగాలుంటే దానిని ట్రయోడ్ అంటారు. హీటరు వలన వేడెక్కిన కేథోడ్ ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. అధిక ధన వోల్టేజి గల ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. మధ్యలో ఉన్న గ్రిడ్‌కు స్వల్పమైన ఋణ వోల్టేజి ఇస్తే ఆ ప్రవాహం అదుపులో ఉంటుంది. గ్రిడ్ మీద వోల్టేజి కొద్దిగా మారితే ప్లేటు ప్రవాహం చాలా మారుతుంది. ఇదే వర్ధనం.

ఒక వాల్వును వర్ణించడానికి మూడు సంఖ్యలు ముఖ్యం.

* వర్ధన గుణకం: గ్రిడ్ వోల్టేజి మార్పుకు ప్లేటు వోల్టేజి మార్పు ఎన్ని రెట్లో తెలిపేది. 12ఏఎక్స్7కు ఇది 100, 6ఎస్ఎన్7కు 20, 6ఏఎస్7జికి కేవలం 2.
* ప్లేటు నిరోధం: వాల్వు తనలో చూపే అంతర్గత నిరోధం. 6ఏఎస్7జిలోని ఒక్కొక్క ట్రయోడ్‌కు ఇది సుమారు 280 ఓమ్‌లు.
* హీటరు ప్రవాహం: కేథోడ్‌ను వేడిచేయడానికి కావలసిన ప్రవాహం. 6.3 వోల్టుల వద్ద 6ఎస్ఎన్7కు 0.6 ఆంపియర్, 6ఏఎస్7జికి 2.5 ఆంపియర్లు కావాలి.

వాల్వులు సాధారణంగా వందల వోల్టుల వద్ద కొద్ది మిల్లీ ఆంపియర్ల ప్రవాహంతో పనిచేస్తాయి. హెడ్‌ఫోన్‌కు కావలసినది దీనికి విరుద్ధం: కొద్ది వోల్టులు, తగినంత ప్రవాహం. ఈ రెండింటి మధ్య వంతెన వేయడమే వాల్వు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ రూపకల్పనలో అసలు సమస్య.

== హెడ్‌ఫోన్ గుణాలు ==

=== అవరోధం ===

ఏకాంతర విద్యుత్తుకు హెడ్‌ఫోన్ చూపే వ్యతిరేకతను అవరోధం లేదా ఇంపిడెన్స్ అంటారు. దీనిని ఓమ్‌లలో కొలుస్తారు. తీగచుట్టలో సన్నని తీగ ఎక్కువ చుట్లు ఉంటే అవరోధం పెరుగుతుంది. బేయర్‌డైనమిక్ డిటి 880 అనే ఒకే నమూనా 32, 250, 600 ఓమ్‌ల రూపాలలో వెలువడింది.

పెట్టె మీద ముద్రించిన అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్దా ఒకే రకంగా ఉండదు. డైనమిక్ హెడ్‌ఫోన్‌లో పొర సహజంగా కంపించే పౌనఃపున్యం వద్ద అవరోధం పైకి లేస్తుంది. ఉదాహరణకు 300 ఓమ్‌లుగా పేర్కొనబడే సెన్‌హైజర్ హెచ్‌డి 650కి 100 హెర్ట్జ్ సమీపంలో ఇది సుమారు 500 ఓమ్‌ల వరకు పెరుగుతుంది. ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్ల అవరోధం మాత్రం దాదాపుగా సమానంగా ఉంటుంది.

=== సున్నితత్వం ===

నిర్ణీత విద్యుత్తుకు హెడ్‌ఫోన్ ఎంత శబ్దం చేస్తుందో సున్నితత్వం తెలుపుతుంది. దీనిని కొందరు తయారీదారులు ఒక మిల్లీవాట్ శక్తికి, మరికొందరు ఒక వోల్టుకు ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా పోల్చరాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు మిల్లీవాట్ విలువకు సుమారు 5 డెసిబెళ్లు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు సుమారు 15 డెసిబెళ్లు కలిపితే వోల్టు విలువ వస్తుంది.

డెసిబెల్ కొలమానంలో ప్రతి 10 డెసిబెళ్ల పెంపుకు శక్తి పది రెట్లు కావాలి. ప్రతి 3 డెసిబెళ్లకు సుమారు రెండు రెట్లు కావాలి.

=== ఎంత శక్తి కావాలి? ===

సంగీతంలోని అత్యున్నత క్షణాలలో 110 డెసిబెళ్ల శబ్దం రావాలనుకుందాం. ఇది ఎల్లవేళలా వినవలసిన స్థాయి కాదు, తబలా లేక మృదంగం దరువు వంటి క్షణిక శిఖరాలకు విడిచిన వెసులుబాటు మాత్రమే. అప్పుడు వివిధ హెడ్‌ఫోన్లకు కావలసినవి ఇలా ఉంటాయి.

* 300 ఓమ్‌లు, వోల్టుకు 103 డెసిబెళ్లు (హెచ్‌డి 650): సుమారు 2.2 వోల్టులు, 7.5 మిల్లీ ఆంపియర్లు, 17 మిల్లీవాట్లు.
* 600 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 96 డెసిబెళ్లు (డిటి 880): సుమారు 3.9 వోల్టులు, 6.5 మిల్లీ ఆంపియర్లు, 25 మిల్లీవాట్లు.
* 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 98 డెసిబెళ్లు (గ్రాడో తరహా): సుమారు 0.7 వోల్టు, 22 మిల్లీ ఆంపియర్లు, 16 మిల్లీవాట్లు.
* 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 83.5 డెసిబెళ్లు (హైఫైమాన్ హెచ్ఈ-6): సుమారు 4.7 వోల్టులు, 95 మిల్లీ ఆంపియర్లు, 450 మిల్లీవాట్లు.

మొదటి మూడింటికి కావలసిన శక్తి ఇంచుమించు ఒకటే. కాని ఆ శక్తి ఎలా రావాలన్నదే తేడా. 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్ వోల్టేజిని అడుగుతుంది, 32 ఓమ్‌లది ప్రవాహాన్ని అడుగుతుంది, నాలుగవది రెండింటినీ అడుగుతుంది. ‘‘ఎక్కువ ఓమ్‌లుంటే నడపడం కష్టం’’ అనే నానుడి సగమే నిజమని దీనివలన తెలుస్తుంది.

== ఆంప్లిఫయర్ రకాలు ==

=== ట్రాన్స్‌ఫార్మర్ రహితం (ఓటీఎల్) ===

ఇందులో వాల్వు నుండి సంకేతం ఒక పెద్ద కెపాసిటరు ద్వారా నేరుగా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. చివరి వాల్వును సాధారణంగా కేథోడ్ ఫాలోయర్ అనే పద్ధతిలో అమర్చుతారు. ఇది వోల్టేజిని పెంచదు, కాని అవరోధాన్ని తగ్గిస్తుంది. దీని నిర్గమ అవరోధం ప్లేటు నిరోధాన్ని, వర్ధన గుణకానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగిస్తే వస్తుంది. 6ఏఎస్7జి విషయంలో 280ని 3తో భాగిస్తే సుమారు 93 ఓమ్‌లు. రెండు ట్రయోడ్‌లను సమాంతరంగా కలిపితే ఇది సుమారు 47 ఓమ్‌లకు తగ్గుతుంది.

6ఏఎస్7జి నిజానికి సంగీతం కోసం పుట్టిన వాల్వు కాదు. విద్యుత్ సరఫరాలలో వోల్టేజిని నియంత్రించడానికి రూపొందినది. తక్కువ ప్లేటు నిరోధం, ఎక్కువ ప్రవాహం ఉన్నందున హెడ్‌ఫోన్లకు ఉపయోగపడింది. దీని దృఢరూపమైన 6080ని, 12ఏయు7తో కలిపి వాడిన బాటిల్‌హెడ్ క్రాక్ అనే కిట్, 6ఎస్ఎన్7తో కలిపి 6ఏఎస్7 తరగతి వాల్వును వాడిన డార్క్‌వాయిస్ 336 ఎస్ఈ ఈ రకంలో పేరొందినవి.

ఈ పద్ధతి ఎక్కువ అవరోధానికే ఎందుకు అనుకూలమో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. చివరి వాల్వులో నిశ్చలస్థితి ప్రవాహం 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. ఏ తరగతి పద్ధతిలో పనిచేసే ఒంటి వాల్వు హెడ్‌ఫోన్‌కు ఇవ్వగల శిఖర ప్రవాహం సుమారుగా అంతే. ఆ ప్రవాహంతో 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 135 మిల్లీవాట్లు అందుతాయి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 14 మిల్లీవాట్లు మాత్రమే అందుతాయి. పై పట్టిక ప్రకారం దానికి 16 కావాలి. అనగా ఆ హెడ్‌ఫోన్ శిఖరాల వద్ద విరూపణకు లోనవుతుంది.

=== ట్రాన్స్‌ఫార్మర్ గలది ===

ఇందులో వాల్వు ప్లేటుకు, హెడ్‌ఫోన్‌కు మధ్య నిర్గమ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి ఎంతో, అవరోధాల నిష్పత్తి దాని వర్గం అంత ఉంటుంది. వాల్వుకు 5000 ఓమ్‌ల భారం కావలసి, హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లైతే అవరోధాల నిష్పత్తి సుమారు 156, చుట్ల నిష్పత్తి 12.5 అవుతుంది. వోల్టేజి 12.5 రెట్లు తగ్గి, ప్రవాహం అన్ని రెట్లు పెరుగుతుంది.

అదే కొనలకు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ను తగిలిస్తే వాల్వుకు దాదాపు 47,000 ఓమ్‌ల భారం కనబడుతుంది. దీనివలన వాల్వుకు హాని లేదు గాని, దొరికే శక్తి బాగా తగ్గుతుంది. అందుచేత మంచి ట్రాన్స్‌ఫార్మర్లలో తక్కువ, ఎక్కువ అవరోధాలకు వేరువేరు కొనలు ఇచ్చి ఒక స్విచ్చితో ఎంచుకునే వీలు కల్పిస్తారు. మంద్ర స్వరాలను సరిగా అందించాలంటే ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదిగా, బరువుగా ఉండాలి. కనుక ఖర్చు ఎక్కువ.

=== మిశ్రమ రకం ===

వోల్టేజిని పెంచే పని వాల్వు, ప్రవాహాన్ని అందించే పని ట్రాన్సిస్టర్ లేక మాస్‌ఫెట్ చేస్తే దానిని హైబ్రిడ్ లేదా మిశ్రమ ఆంప్లిఫయర్ అంటారు. దీని నిర్గమ అవరోధం సాధారణంగా ఓటీఎల్ రకం కంటే చాలా తక్కువ. కనుక 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు, ప్లానార్ హెడ్‌ఫోన్లు వాడేవారికి ఇది అనువైనది.

=== ఎలెక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ల కొరకు ===

ఎలెక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు వేరే జాతికి చెందినవి. వీటి పలుచని పొరకు వందల వోల్టుల స్థిర వోల్టేజి, సంకేతానికి కూడా వందల వోల్టులు కావాలి. స్టాక్స్ సంస్థ ప్రో శ్రేణికి ఈ స్థిర వోల్టేజి 580 వోల్టులు. 1991లో సెన్‌హైజర్ వెలువరించిన ఆర్ఫియస్ అనే జతలో హెడ్‌ఫోన్‌తో పాటు వాల్వు ఆంప్లిఫయర్‌ను కూడా కలిపి ఇచ్చారు. ఇటువంటి హెడ్‌ఫోన్లను సాధారణ ఆంప్లిఫయర్లకు, సాధారణ హెడ్‌ఫోన్లను వీటి ఆంప్లిఫయర్లకు ఎట్టి పరిస్థితిలోనూ తగిలించరాదు.

== నిర్గమ అవరోధం చూపే ప్రభావం ==

ఆంప్లిఫయర్ నిర్గమ అవరోధం, హెడ్‌ఫోన్ అవరోధం కలిసి వోల్టేజిని పంచుకుంటాయి. హెడ్‌ఫోన్ అవరోధం పౌనఃపున్యంతో మారితే ఆ పంపకం కూడా మారి, కొన్ని స్వరాలు బిగ్గరగా, కొన్ని మెల్లగా వినిపిస్తాయి.

నిర్గమ అవరోధం 93 ఓమ్‌లు అనుకుందాం. హెచ్‌డి 650కి 300 ఓమ్‌లున్న చోట 76 శాతం వోల్టేజి, 500 ఓమ్‌లున్న చోట 84 శాతం వోల్టేజి చేరుతుంది. తేడా సుమారు 0.9 డెసిబెల్. అంటే 100 హెర్ట్జ్ వద్ద స్వల్పమైన పెంపు. చాలామంది దీనిని ‘‘వాల్వుల వెచ్చదనం’’ అని మెచ్చుకుంటారు. నిజానికి ఇందులో కొంతభాగం వాల్వు గుణం కాదు, ఈ పంపకం ఫలితం. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కు వరుసగా అదే విలువ గల నిరోధాన్ని కలిపినా ఇదే పెంపు వస్తుంది.

చెవిలో దూర్చుకునే కొన్ని ఇయర్‌ఫోన్ల అవరోధం మాత్రం ఒక పౌనఃపున్యం నుండి మరొక దానికి చాలా రెట్లు మారుతుంది. 20 నుండి 60 ఓమ్‌లకు మారే ఇయర్‌ఫోన్‌ను అదే 93 ఓమ్‌ల ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే తేడా సుమారు 7 డెసిబెళ్లు అవుతుంది. అప్పుడు రూపకర్త ఉద్దేశించిన ధ్వని పూర్తిగా మారిపోతుంది.

దీనికి విరుగుడుగా, నిర్గమ అవరోధం హెడ్‌ఫోన్ అవరోధంలో ఎనిమిదవ వంతుకు మించరాదనే స్థూలసూత్రం వాడుకలో ఉంది. 32 ఓమ్‌లకు 4 ఓమ్‌లు, 300 ఓమ్‌లకు సుమారు 37 ఓమ్‌లు హద్దు. ఇది నియమం కాదు, దారిచూపే సూచన మాత్రమే. ప్లానార్ హెడ్‌ఫోన్ల అవరోధం మారదు కనుక ధ్వని తీరుకు ఈ సూత్రం వాటికి అంతగా వర్తించదు. అయితే వాటికి చేరే శక్తి తగ్గుతుంది. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం 120 ఓమ్‌ల నిర్గమ అవరోధాన్ని పేర్కొన్నది. పాత హెడ్‌ఫోన్లు కొన్ని ఎక్కువ అవరోధంతోనే బాగా పలకడానికి, వాటిని అటువంటి సాధనాల కోసమే రూపొందించడం ఒక కారణం.

== ఆంప్లిఫయర్‌లో చేసే మార్పులు ==

=== నిర్గమ కెపాసిటరును పెంచడం ===

ఓటీఎల్ ఆంప్లిఫయర్‌లోని కెపాసిటరు ఏకముఖ విద్యుత్తును ఆపి సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. అయితే అది మంద్ర స్వరాలను కూడా కొంత అడ్డుకుంటుంది. ఏ పౌనఃపున్యం నుండి తగ్గుదల మొదలవుతుందో కెపాసిటరు విలువ, వలయంలోని మొత్తం నిరోధం నిర్ణయిస్తాయి.

* 47 మైక్రోఫారడ్‌లు, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్, 93 ఓమ్‌ల నిర్గమ అవరోధం: 8.6 హెర్ట్జ్.
* అదే కెపాసిటరు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్: 27 హెర్ట్జ్.
* 220 మైక్రోఫారడ్‌లు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్: 5.8 హెర్ట్జ్.

కెపాసిటరును పెంచితే మంద్ర స్వరాలు నిలుస్తాయి గాని నిర్గమ అవరోధం తగ్గదు, ప్రవాహ సామర్థ్యం పెరగదు. కనుక ఈ మార్పు ఒక్కటే ఓటీఎల్‌ను 32 ఓమ్‌లకు తగినదిగా చేయలేదు. కొత్త కెపాసిటరు తట్టుకునే వోల్టేజి, సరఫరా గరిష్ఠ వోల్టేజి కంటే ఎక్కువగా ఉండాలి.

=== వాల్వుల మార్పిడి ===

ఒక వాల్వును తీసి వేరొక తయారీ లేక వేరొక రకం వాల్వును పెట్టడం ఔత్సాహికులకు ఇష్టమైన పని. ఇందులో మూడు విషయాలు సరిచూడాలి: పిన్నుల అమరిక, హీటరు వోల్టేజి మరియు ప్రవాహం, పనిచేసే స్థితి.

12ఏఎక్స్7, 12ఏటి7, 12ఏయు7ల పిన్నుల అమరిక ఒకటే. వర్ధన గుణకాలు మాత్రం వరుసగా 100, 60, 17. మొదటిదాని స్థానంలో మూడవదానిని పెడితే వర్ధనం తగ్గి, సున్నితమైన హెడ్‌ఫోన్లకు వీలుగా ఉండవచ్చు. కాని వలయం దానికి తగినట్లు లేకపోతే విరూపణ పెరుగుతుంది. 6డిజె8 చూడడానికి వీటివలెనే తొమ్మిది పిన్నులతో ఉన్నప్పటికీ దాని హీటరు అమరిక వేరు. 12ఏఎక్స్7లో తొమ్మిదవ పిన్ను హీటరు మధ్యబిందువు, 6డిజె8లో అది లోపలి కవచం. కనుక ఒకదాని చోట మరొకటి నేరుగా పనికిరాదు.

6ఏఎస్7జి స్థానంలో 5998ను వాడేవారున్నారు. దాని హీటరు ప్రవాహం 2.4 ఆంపియర్లు కనుక ఇబ్బంది లేదు. 6336 మాత్రం అదే పిన్నుల అమరిక కలిగి ఉండి 5 ఆంపియర్లు తీసుకుంటుంది. సిద్ధపరచని ఆంప్లిఫయర్‌లో దానిని పెడితే విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. సాకెట్టులో ఇమిడినంత మాత్రాన వాల్వు సరిపోయినట్లు కాదు.

=== వర్ధనాన్ని తగ్గించడం ===

సున్నితమైన హెడ్‌ఫోన్‌తో శబ్దనియంత్రకాన్ని కొద్దిగా తిప్పగానే హోరెత్తిపోతుంటే వర్ధనం అధికమని అర్థం. పైగా నియంత్రకం అడుగుభాగంలో కుడి, ఎడమల మధ్య సమతూకం కుదరదు. ప్రవేశం వద్ద రెండు నిరోధాలతో వోల్టేజి విభాజకాన్ని అమర్చడం దీనికి సులభమైన పరిష్కారం. 10 డెసిబెళ్లు తగ్గిస్తే నియంత్రకం నడిమి భాగంలో పనిచేస్తుంది. ఋణ పునర్నివేశాన్ని పెంచితే వర్ధనంతో పాటు నిర్గమ అవరోధం, విరూపణ కూడా తగ్గుతాయి. కాని వలయం డోలనాలకు లోనుకాకుండా చూడాలి.

=== రొదను తగ్గించడం ===

విద్యుత్ సరఫరా నుండి, హీటరు తీగల నుండి గుయ్యిమనే రొద సంకేతంలో కలుస్తుంది. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కనుక రొద ముఖ్యంగా 50, 100 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. హెడ్‌ఫోన్ కొనల వద్ద ఒక మిల్లీవోల్టు రొద ఉంటే హెచ్‌డి 650లో అది 43 డెసిబెళ్లు, పైన చెప్పిన 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో 53 డెసిబెళ్లు, వోల్టుకు 120 డెసిబెళ్ల ఇయర్‌ఫోన్‌లో 60 డెసిబెళ్లుగా వినిపిస్తుంది. ఒకే ఆంప్లిఫయర్‌ను ఒకరు నిశ్శబ్దమైనదని, మరొకరు రొద చేస్తుందని చెప్పడానికి ఇదే కారణం.

సరఫరాలో చోక్‌ను లేక వోల్టేజి క్రమబద్ధీకరణను చేర్చడం, హీటరు తీగలను ఒకదానికొకటి మెలివేసి సంకేతపు తీగలకు దూరంగా నడపడం, ప్రవేశ వాల్వు హీటరుకు ఏకముఖ విద్యుత్తు ఇవ్వడం దీనికి మార్గాలు. ఇయర్‌ఫోన్ల విషయంలో ఆంప్లిఫయర్‌ను తెరవకుండానే చేయగల ఉపాయం ఒకటుంది. వరుసగా 270 ఓమ్‌లు, ఇయర్‌ఫోన్‌కు సమాంతరంగా 10 ఓమ్‌లు గల చిన్న విభాజకాన్ని తీగ మధ్యలో కలిపితే రొద సుమారు 30 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆంప్లిఫయర్‌కు తేలికైన భారం, ఇయర్‌ఫోన్‌కు సుమారు 10 ఓమ్‌ల మూలం కనబడుతాయి. సంకేతం కూడా అంతే తగ్గుతుంది కనుక ఇది బాగా సున్నితమైన ఇయర్‌ఫోన్లకే తగినది.

=== స్థిర ప్రవాహ మూలం ===

కేథోడ్ వద్ద ఉండే నిరోధానికి బదులుగా ట్రాన్సిస్టర్లతో చేసిన స్థిర ప్రవాహ మూలాన్ని అమర్చితే వాల్వుపై వృథా భారం తగ్గి, విరూపణ తగ్గుతుంది. బాటిల్‌హెడ్ క్రాక్‌కు స్పీడ్‌బాల్ అనే పేరుతో వచ్చిన అదనపు కిట్ ఈ తరహాదే.

== ప్రమాదాలు, జాగ్రత్తలు ==

* వాల్వు ఆంప్లిఫయర్ లోపల 150 నుండి 300 వోల్టుల వరకు, కొన్నిటిలో అంతకు మించి ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. తగిన నిరోధంతో వాటిని ఖాళీచేసి, మల్టీమీటరుతో సున్నా అని సరిచూసుకున్నాకే చేయి పెట్టాలి. అనుభవం లేనివారు ఒంటరిగా ఈ పని చేయరాదు.
* ఓటీఎల్ ఆంప్లిఫయర్ వేడెక్కేటప్పుడు నిర్గమ కెపాసిటరు నిండే ప్రవాహం హెడ్‌ఫోన్ గుండా పోతుంది. నిర్గమం వైపు కొన్ని వేల ఓమ్‌ల నిరోధం శాశ్వతంగా కలిపి ఉండాలి. వాల్వులు వేడెక్కిన తరువాతనే హెడ్‌ఫోన్‌ను తగిలించి, ఆపే ముందు తీసివేయడం మంచి అలవాటు.
* నిర్గమ కెపాసిటరు చెడితే అధిక వోల్టేజి నేరుగా తలపై ఉన్న హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. పాత ఆంప్లిఫయర్‌ను కొన్నప్పుడు ముందుగా పరీక్షించవలసినది ఈ భాగాన్నే.
* అమెరికా నుండి తెచ్చుకున్న 120 వోల్టుల ఆంప్లిఫయర్‌ను మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. తగిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.
* ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లను హద్దుగా సూచించింది. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది. వాల్వు విరూపణ క్రమంగా పెరుగుతుంది కనుక శబ్దం అధికమైనట్లు చెవికి వెంటనే తోచకపోవచ్చు. పోయిన వినికిడిని ఏ ఆంప్లిఫయరూ తిరిగి తేలేదు.

== వాదవివాదాలు ==

వాల్వుల ధ్వని మేలైనదా అన్న విషయంపై ఏకాభిప్రాయం లేదు. కొలతల దృష్ట్యా మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ విరూపణ చాలా తక్కువ. ఒంటి ట్రయోడ్ విరూపణలో ప్రధానమైనది మూల స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం గలది, అనగా అదే స్వరం పై స్థాయి. అందువలన అది చెవికి కటువుగా తోచదని వాల్వు ప్రియులు అంటారు. విమర్శకులు మాత్రం, విన్న తేడాలలో చాలావరకు నిర్గమ అవరోధం, శబ్దస్థాయిలలో తేడా, ముందస్తు నమ్మకం వలన కలిగేవేనని వాదిస్తారు. రెండు వాల్వులను న్యాయంగా పోల్చాలంటే రెండింటి శబ్దస్థాయిని వోల్టుమీటరుతో సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినాలి. కొద్దిపాటి బిగ్గరదనం కూడా ‘‘మెరుగైన ధ్వని’’గా తోస్తుందన్నది గుర్తుంచుకోదగినది.

== భారతదేశంలో ==

బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు రేడియో వాల్వులను పెద్ద ఎత్తున తయారుచేసింది. బెల్ ముద్ర గల ఆ వాల్వులు ఇప్పటికీ పాత సామానులో కనబడుతుంటాయి. స్విచ్చి వేసిన తరువాత వాల్వులు వేడెక్కేవరకు వేచి ఉండి ఆకాశవాణి వార్తలు విన్న జ్ఞాపకం తెలుగునాట పాతతరం వారికి ఉంది. నేడు కొత్త వాల్వులు ముఖ్యంగా రష్యా, స్లొవాకియా, చైనా దేశాల నుండి వస్తున్నాయి.

== సారాంశం ==

250 నుండి 600 ఓమ్‌ల డైనమిక్ హెడ్‌ఫోన్లకు ఓటీఎల్ ఆంప్లిఫయర్ సహజమైన జత. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు తగిన కొనలు గల ట్రాన్స్‌ఫార్మర్ రకం లేక మిశ్రమ రకం మేలు. సున్నితత్వం తక్కువైన ప్లానార్ హెడ్‌ఫోన్లకు అరవాటు, అంతకుమించి శక్తినిచ్చే మిశ్రమ రకం కావాలి. ఇయర్‌ఫోన్లకు వాల్వులు సాధారణంగా అవసరం లేదు. ఉన్న ఆంప్లిఫయర్‌ను విప్పి మార్చే ముందు కాగితం మీద ఈ నాలుగు లెక్కలు వేసుకోవడం మంచిది: కావలసిన వోల్టేజి, కావలసిన ప్రవాహం, నిర్గమ అవరోధం, రొద. చాలాసార్లు మార్చవలసినది ఆంప్లిఫయర్ కాదనీ, హెడ్‌ఫోన్ అనీ ఆ లెక్కలే చెబుతాయి.

== ఇవి కూడా చూడండి ==

* శూన్యనాళిక
* ట్రాన్సిస్టర్
* కెపాసిటర్
* ట్రాన్స్‌ఫార్మర్
* డెసిబెల్